పాపాయి అద్దాల పెట్టెలో ఉంటే అమ్మకు తోడెవరు?

కాన్పు కబురు తెలియగానే మనమంతా అడిగే ప్రశ్నలు రెండే రెండు. "పాపా, బాబా?", "ఎన్ని కేజీలు?" జవాబు రాగానే మిఠాయిలు, ఫోన్లు, బారసాల కబుర్లు మొదలైపోతాయి. కానీ అవతలి గొంతు ఒక్క క్షణం ఆగి, "బిడ్డను బాక్సులో పెట్టారు" అంటే? ఏం మాట్లాడాలో మనకు తోచదు. తోచక నోటికొచ్చింది ఏదో ఒకటి అనేస్తాం. మనం అన్న సంగతి మనకు గుర్తుండదు గానీ, ఆ మాట మాత్రం ఆ తల్లి గుండెలో ముల్లులా ఉండిపోతుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డనో, పుట్టగానే ఊపిరి సరిగా అందని బిడ్డనో నవజాత శిశువుల ఐసీయూలో చేర్చినప్పుడు అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. ఉండాలి కూడా. మరి పక్క వార్డులో, కుట్ల నొప్పితో, ఖాళీ ఒడితో పడుకున్న తల్లి సంగతి? మందుల షాపుకీ, డబ్బు కట్టే కౌంటరుకీ మధ్య తిరుగుతున్న తండ్రి సంగతి? బిడ్డను చూసుకోవటానికి డాక్టర్లున్నారు, నర్సులున్నారు. వీళ్ళిద్దరినీ చూసుకోవలసింది మాత్రం మనమే. అమ్మగా, అత్తగారిగా, ఆడపడుచుగా, తోడికోడలిగా, పక్కింటి పిన్నిగా మనం ఏం చేయగలమో ఈ వారం చూద్దాం.

ఆ పెట్టెలో ఏం జరుగుతుంది?

తెలియనిదాని మీద భయం ఎక్కువ. అందుకే ముందు నాలుగు విషయాలు మనం తెలుసుకుంటే, ఆ తల్లికి నెమ్మదిగా చెప్పగలుగుతాం.

37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. రెండున్నర కేజీల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ. ఇలాంటి పిల్లలకు చర్మం కింద కొవ్వు తక్కువ కాబట్టి ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. మనం అద్దాల పెట్టె అనే ఇంక్యుబేటరు చేసే మొదటి పని ఆ వెచ్చదనం ఇవ్వటమే. నీలం లైటు పెట్టేది కామెర్లు తగ్గటానికి. ఆ వెలుగు కళ్ళలో పడకూడదని కళ్ళకు గంతలు కడతారు. చూసి బెంబేలు పడనక్కర్లేదు.

ముక్కులోంచో నోట్లోంచో సన్నటి గొట్టం వేసి పాలు పోస్తుంటే, "అయ్యో, పాలు కూడా తాగలేకపోతోంది" అని తల్లి కుమిలిపోతుంది. పాలు చీకటం, మింగటం, ఊపిరి తీసుకోవటం - ఈ మూడింటినీ కలిపి చేసుకునే నేర్పు బిడ్డకు మామూలుగా 34 వారాల ప్రాంతంలో గానీ రాదు. అంతవరకు ఆ గొట్టమే దారి. ఇక కుయ్ కుయ్ మని మోగే మానిటరు. బిడ్డ కాలు కదిపి వైరు జారినా అది మోగుతుంది. ప్రతి మోతా ప్రమాదం కాదని నర్సమ్మ చేత ఒకసారి చెప్పించండి. ఆ ఒక్క మాటతో తల్లికి సగం ప్రాణం కుదుటపడుతుంది.

బరువు సంగతి కూడా చెప్పాలి. పుట్టిన ప్రతి బిడ్డా మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గుతుంది. నెలలు నిండని బిడ్డలు పుట్టినప్పటి బరువుకి తిరిగి రావటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. కాబట్టి రోజూ ఫోన్ చేసి "ఎన్ని గ్రాములు పెరిగింది?" అని అడగటం మానేద్దాం. అది మనకు పలకరింపు. ఆ తల్లికి మాత్రం రోజూ పరీక్ష ఫలితాలు చూసుకున్నట్టు ఉంటుంది.

అమ్మ మనసులో ఏముంది?

తొమ్మిది నెలలూ ఆమె ఊహించుకున్నది వేరు. పుట్టగానే పొత్తిళ్ళలో బిడ్డ, పక్కన ఉయ్యాల, చుట్టూ బంధువులు. జరిగింది వేరు. బిడ్డ ఏడుపు విన్నదో లేదో, చేతుల్లోంచి తీసుకుపోయారు. అదే వార్డులో పక్క మంచం మీద వేరే తల్లి బిడ్డకు పాలిస్తూ ఉంటుంది. ఆ దృశ్యం చూడలేక ఈమె గోడవైపు తిరిగి పడుకుంటుంది.

మొదట వచ్చేది తప్పు చేశానన్న భావం. "నేనేం చేశాను? బిందె ఎత్తానా? ఆ రోజు బస్సులో వెళ్ళకుండా ఉండవలసిందా?" అని వెనక్కి వెనక్కి వెళ్ళి వెతుక్కుంటుంది. నిజానికి కాన్పు ముందుగా రావటానికి కవలలు, బీపీ, ఉమ్మనీరు ముందే పోవటం, ఇన్ఫెక్షను లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. చాలాసార్లు డాక్టర్లకు కూడా ఫలానా కారణమని దొరకదు. ఒక పూట బిందె ఎత్తినందువల్లో, గ్రహణం నాడు గడప దాటినందువల్లో, ఎవరి దిష్టో తగిలినందువల్లో ఇలా జరగదు. ఈ మాట డాక్టరుగారి నోట ఆమె ముందే, ఇంటి పెద్దల ముందే చెప్పించండి. దీనికి మించిన మందు లేదు.

కొందరు తల్లులు ఏడవరు. మొద్దుబారిపోతారు. ఇంకొందరు బిడ్డను చూడటానికే వెళ్ళరు. "రాతిగుండె" అనకండి. తీగల మధ్య అంత చిన్న ప్రాణాన్ని చూసి, ఎక్కడ దక్కకుండా పోతుందోనన్న భయంతో ముందే మనసుకు తలుపులు వేసుకుంటున్నారన్నమాట. చెయ్యి పట్టుకుని, "పద అమ్మా, ఇద్దరం వెళ్ళి ఒక్క నిమిషం చూసి వద్దాం" అనండి. మొదటిరోజు గుమ్మం దాకా వెళ్ళినా చాలు.

నాలుక జాగ్రత్త సుమా!

మంచి మనసుతోనే అనే మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎంత గాయం చేస్తాయో ఆలోచించండి.

"ఏడో నెల పిల్లలు బతుకుతారు గానీ ఎనిమిదో నెల పిల్లలు బతకరు." మన ఇళ్ళల్లో తరతరాలుగా వినిపించే మాట ఇది. మనకొక్కరికే కాదు, రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు వైద్యులకు కూడా ఈ నమ్మకం ఉండేది. అయినా ఇది నిజం కాదు. కడుపులో ఒక్కొక్క వారం ఎక్కువ ఉన్న కొద్దీ బిడ్డ బతికి బట్టకట్టే అవకాశం పెరుగుతుంది. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కంటే బలంగానే ఉంటుంది. బాలింత మంచం పక్కన కూర్చుని ఎవరైనా ఈ సామెత మొదలుపెడితే, అక్కడికక్కడే ఆపేయండి.

"మీ ఇంట్లోనే ఇలా అయింది." తొలికాన్పు పుట్టింట్లో జరిగే ఆచారం మనది. ఏదైనా తేడా వస్తే అత్తవారు పుట్టింటివారిని అంటారు. పుట్టింటివారు, "అక్కడ మా పిల్లకు విశ్రాంతే లేదు" అని తిప్పికొడతారు. ఇద్దరు వియ్యపురాళ్ళ మధ్య నలిగేది ఆ పిల్లే. వియ్యపురాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి రావాలి. బిడ్డ ఇంటికి వచ్చేదాకా ఎవరి తప్పూ ఎంచేది లేదని.

"ఆడపిల్లేగా, ఇంత ఖర్చా?" ఈ మాట ఇంకా కొన్ని గుమ్మాల్లో వినపడుతోంది. విన్నవాళ్ళం ఊరుకోవద్దు. ఆ పసిదాని ఊపిరికి ఆడా మగా తేడా లేదు.

"పోనీలే, ఇంకా చిన్నదానివి, మళ్ళీ కనొచ్చు." ప్రాణంతో పోరాడుతున్న బిడ్డ లోపల ఉండగా ఈ మాట అనకూడదు. "ఏడవకు, పాలు ఎండిపోతాయి" అని బెదిరించకూడదు. "మా మరిది కొడుకు కూడా ఇలాగే పుట్టి…" అంటూ విషాద కథలు అసలే వద్దు.

మరి ఏమనాలి? పెద్ద పెద్ద ఓదార్పులు అక్కర్లేదు. "నేనిక్కడే ఉంటానమ్మా." "నీ తప్పు ఏమీ లేదు." "పాపకు పేరేమైనా అనుకున్నావా?" "నీకు మాట్లాడాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఊరికే కూర్చుంటాను." ఇంతే. బిడ్డను పేరుతో పిలవండి. "అది" అనీ, "బాక్సులో పిల్ల" అనీ అనకండి. పుట్టినందుకు అభినందనలు చెప్పండి కూడా. ఆమె తల్లి అయింది కదా! ఆ సంతోషం చెప్పేవాళ్ళే లేకపోవటం ఆమెకు ఇంకో లోటు.

అమ్మ గుండెల మీద వెచ్చదనం

బిడ్డ దగ్గరికి తల్లిని ఎక్కువగా రానివ్వకూడదు, ముట్టుకుంటే ఇన్ఫెక్షను వస్తుంది అని ఒకప్పుడు అనుకునేవారు. ఆ రోజులు మారాయి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక, ఒక డాక్టరు తక్కువ బరువు పిల్లలను తల్లుల ఛాతీ మీదే, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఉంచటం మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టు ఉంటుంది కాబట్టి దానికి కంగారూ మదర్ కేర్ అని పేరొచ్చింది.

మన దేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. ఒక కేజీ నుంచి 1.8 కేజీల లోపు బరువున్న పిల్లలను చూశారు. ఆరోగ్యం కుదుటపడేదాకా ఆగి తల్లికి ఇచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 16 మంది మొదటి 28 రోజుల్లో చనిపోతే, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెట్టటం మొదలుపెట్టిన వాళ్ళల్లో ఆ సంఖ్య 12కి తగ్గింది. ఆ తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టాలనీ, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల వరకు వీలైనంత ఎక్కువసేపు చేయాలనీ సిఫారసు చేసింది. సొంతంగా ఊపిరి తీసుకోలేని స్థితిలోనో, షాక్‌లోనో ఉన్న బిడ్డలకు మాత్రం ముందు మిషన్ల సాయమే కావాలి.

ఇది బిడ్డకే వైద్యం అనుకోకండి. "నేను ఎందుకూ పనికిరాలేదు" అనుకుంటున్న తల్లికి, తన ఒంటి వేడితో బిడ్డ కుదుటపడటం కళ్ళారా కనిపిస్తుంది. అంతకంటే ధైర్యం ఇంకేం కావాలి? ఆమె భోజనానికి లేచినప్పుడో, నిద్రపోయినప్పుడో తండ్రి కూడా చొక్కా తీసి బిడ్డను గుండెల మీద వేసుకోవచ్చు. ఒప్పుకుంటే అమ్మమ్మ, నాయనమ్మ కూడా!

మన కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నవజాత శిశు చికిత్సా కేంద్రాల్లో తల్లిదండ్రులకు చేతులు కడుక్కునే పద్ధతి, పాలు పట్టే పద్ధతి, బిడ్డను శుభ్రం చేసే పద్ధతి నేర్పించి, వారిని కూడా సంరక్షణలో భాగం చేయాలి. కాబట్టి మొహమాటం వద్దు. "మేము ఎప్పుడు లోపలికి రావచ్చు? బిడ్డను ఎప్పుడు గుండెల మీద పెట్టుకోవచ్చు?" అని అడగండి. ఈ రోజు వీలుకాదంటే కనీసం చేతులు శుభ్రం చేసుకుని బిడ్డ తల మీద ఒక చెయ్యి, పాదాల మీద ఒక చెయ్యి ఆనించి ఉంచవచ్చా అని అడగండి. తల్లి గొంతు కడుపులో ఉన్నప్పటి నుంచీ బిడ్డకు తెలుసు. మెల్లగా ఒక జోలపాట పాడినా చాలు.

పురుడు, మైల, పత్యం

ఇక్కడే మన ఇళ్ళల్లో చిక్కు వస్తుంది. బాలింత గడప దాటకూడదు, చల్లగాలి తగలకూడదు, పదకొండు రోజులదాకా పురుడు, ఇరవై ఒకటో రోజున బారసాల. ఆచారాలు పెట్టినవాళ్ళ ఉద్దేశం బాలింతకు విశ్రాంతి ఇవ్వాలనే. కానీ బిడ్డ ఆసుపత్రిలో, తల్లి ఇంట్లో గదిలో ఉండిపోతే ఆ విశ్రాంతి శిక్ష అవుతుంది. చెవుల్లో దూది పెట్టండి, శాలువా కప్పండి, ఆటోకు బదులు కారు మాట్లాడండి. కానీ వెళ్ళనివ్వండి. బారసాల ఏమీ పారిపోదు. బిడ్డ ఇంటికి వచ్చాక మంచి రోజు చూసి చేసుకుందాం అని అత్తగారే ముందుగా అంటే కోడలి గుండె ఎంత తేలికవుతుందో!

ఇక పాల సంగతి. బిడ్డ నోరు తగలకపోయినా పాలు పిండి ఇవ్వటం వల్ల రెండు లాభాలు. బిడ్డకు ముర్రుపాలు అందుతాయి, తల్లికి తన బిడ్డకు తానొక్కతే చేయగల పని దొరుకుతుంది. కాన్పయిన కొన్ని గంటల్లోనే మొదలుపెట్టి, రాత్రితో సహా రెండు మూడు గంటలకోసారి, రోజుకు ఎనిమిది సార్లయినా పిండాలి. మొదట్లో చెంచాడు కూడా రావు. "ఇంతేనా?" అనకండి. ఆ చుక్కలే బంగారం. రాత్రి రెండు గంటలకు ఆమె లేచినప్పుడు మీరు కూడా లేచి, గిన్నె వేడినీళ్ళలో మరిగించి ఇచ్చి, పక్కన కూర్చోండి. పాలు సరిపడా రాకపోతే అది తల్లి ఓటమి కాదు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైన ధాత్రి లాంటి తల్లిపాల బ్యాంకులు ఉన్నదే అందుకు. మీ ఆసుపత్రిలో అలాంటి సదుపాయం ఉందేమో డాక్టరుగారిని అడగండి.

ఆసుపత్రికి పంపే క్యారియర్

మన శీర్షికలో వంట లేకుండా ఎలా? దిగులుగా ఉన్న తల్లి "ఆకలి లేదు" అంటుంది. బతిమాలితే కోపం వస్తుంది. పెద్ద భోజనం ఒక్కసారే పెట్టకుండా చిన్న చిన్న గిన్నెల్లో, తినటానికి సులువైనవి పంపండి.

పొద్దున్న - పెసరపప్పు వేసి మెత్తగా వండిన పులగం, నెయ్యి, లేదా ఇడ్లీలు. ఉడికించిన గుడ్డు తినేవాళ్ళకు గుడ్డు.

మధ్యాహ్నం - మెత్తటి అన్నం, మెంతికూర పప్పు, బీరకాయ కూర, వెల్లుల్లి కారం, పెరుగు. కోస్తా జిల్లాల్లో బాలింతకు పెట్టే తెలగపిండి కూర మునగాకుతో చేస్తే మరీ మంచిది.

సాయంత్రం - నువ్వులుండలు, పాలు, ఒక పండు.

వెల్లుల్లి, మెంతులు, తెలగపిండి బలమైన ఆహారమే. కానీ పాలు పెరిగేది ముఖ్యంగా తరచుగా పిండటం వల్లే. పాలు తక్కువైతే "సరిగా తినలేదు" అని దెబ్బలాడకండి. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని కొన్ని ఇళ్ళల్లో అంటారు. అది పొరపాటు. దాహం వేసినంత నీళ్ళు తాగాలి. పెద్ద సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు పక్కన ఉంచండి. ఒక మాట మరచిపోకండి. క్యారియర్లో ఇద్దరికి సరిపడా పెట్టండి. ఎందుకంటే…

నాన్న కూడా మనిషే

తండ్రి ఏడవడు. ఏడవకూడదని మనమే నేర్పాం. సంతకాలు చేసేది అతను, అప్పు తెచ్చేది అతను, డాక్టరు చెప్పిన చేదు నిజం ముందు వినేది అతను. వార్డులో ఉన్న భార్యకు అందులో సగం దాచి, నవ్వుమొహం పెట్టుకుని చెప్పేదీ అతనే. తండ్రుల్లో కూడా సుమారు పదిమందిలో ఒకరికి బిడ్డ పుట్టిన ఏడాదిలో డిప్రెషన్ వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. తండ్రుల్లో అది కొన్నిసార్లు కన్నీళ్ళకు బదులు కోపంగా, తాగుడుగా, ఇంటికి రాకపోవటంగా బయటపడుతుంది.

"బాబూ, తిన్నావా? ఈ రాత్రి నేను ఉంటాను, నువ్వెళ్ళి నాలుగు గంటలు పడుకో" అనండి. భార్యకు నిజం దాచమని అతన్ని ఒత్తిడి చేయకండి. దాచింది తర్వాత తెలిస్తే ఆమెకు ఎవరి మాటా నమ్మకం కలగదు. డాక్టరుతో మాట్లాడే సమయంలో వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసి ఉండేలా చూడండి. చిన్న నోటుబుక్కు ఒకటి కొనిపెట్టండి. అడగవలసిన ప్రశ్నలు ఒకవైపు, డాక్టరు చెప్పినవి ఒకవైపు. కంగారులో విన్నది సగం మరచిపోతాం కదా! బిడ్డ మొదటిసారి కళ్ళు తెరిచిన రోజు, గొట్టం తీసేసిన రోజు కూడా అందులోనే రాసుకోమనండి.

డబ్బు దిగులు కూడా మనసు జబ్బుకు ఎరువే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బుపడిన నవజాత శిశువులకు వైద్యం, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రి అయితే అక్కడ ఆరోగ్యమిత్ర ఉంటారు. మీ బిడ్డ చికిత్స అందులోకి వస్తుందో లేదో చేర్చిన రోజే అడగండి. ఈ తిరుగుడు పని ఒక మేనమామకో, బాబాయికో అప్పగిస్తే తండ్రికి కొంత ఊపిరాడుతుంది.

ఇంట్లో పెద్దపిల్ల ఉంటే ఆమెను మరచిపోకండి. "అమ్మ ఎందుకు రాలేదు? నేను చెల్లి వద్దన్నాననేనా?" అని ఆ చిన్న బుర్ర లోలోపల మథనపడుతూ ఉంటుంది. అబద్ధాలు చెప్పకుండా, "చెల్లి చాలా చిన్నగా పుట్టింది, డాక్టర్లు చూసుకుంటున్నారు, నీ తప్పేం లేదు" అని చెప్పి, రోజుకోసారి అమ్మతో ఫోనులో మాట్లాడించండి.

దిగులు ఎప్పుడు జబ్బు అవుతుంది?

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావటం, చిరాకు చాలామంది తల్లుల్లో మామూలే. రెండు వారాల్లోపు అది తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో సుమారు 20 వేల మంది తల్లులపై జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ఒక సమీక్ష వచ్చింది. నూటికి 22 మంది తల్లుల్లో కాన్పు తర్వాతి డిప్రెషన్ కనిపించిందని అందులో తేలింది. బిడ్డ ఐసీయూలో ఉన్న తల్లులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ గుర్తులు గమనించండి:

* రెండు వారాలు దాటినా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవటం.

* నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవటం, తిండి మానేయటం.

* గుండె దడ, ఊపిరాడనట్టు ఉండటం, ఫోను మోగితే ఉలిక్కిపడటం.

* బిడ్డ ఇంటికి వచ్చాక కూడా మానిటరు మోత చెవుల్లో వినిపించటం, ఆసుపత్రి కలలు, ఆ దారిన వెళ్ళటానికే భయం.

* "నేను లేకపోతేనే మేలు" అనటం.

డాక్టర్లు పది ప్రశ్నలున్న ఎడిన్‌బరో స్కేలు అనే పత్రంతో కొద్ది నిమిషాల్లో దీన్ని పసిగట్టగలరు. మాటలతో వైద్యం ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. బిడ్డకు పాలిస్తూనే వాడుకోదగ్గ మందులు డాక్టరు చూసి ఇస్తారు. మొదట కాన్పు చేసిన డాక్టరమ్మకే చెప్పండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఒక విషయంలో మాత్రం క్షణం ఆలస్యం వద్దు. చనిపోతానన్నా, బిడ్డకు హాని చేస్తానన్నా, లేని మాటలు వినపడుతున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా ఆమెను ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గాలి సోకిందనీ, పురిటి సంధి అనీ తాయెత్తుల చుట్టూ తిరిగితే విలువైన సమయం పోతుంది. ఇది వైద్యంతో నయమయ్యే జబ్బు.

దక్కకపోతే…

రాయటానికి కష్టంగా ఉన్నా రాయక తప్పదు. ఎంత చేసినా కొందరు బిడ్డలు దక్కరు. అప్పుడు మన ఇళ్ళల్లో చేసేది ఒకటే. తల్లికి చూపించకుండా తీసుకుపోవటం, కొన్న చొక్కాలూ ఉయ్యాలా దాచేయటం, ఆ ఊసే ఎత్తకపోవటం. మంచికే అనుకుంటాం. కానీ చివరిసారి ఎత్తుకోలేదన్న బాధ ఏళ్ళ తరబడి వెంటాడుతుంది. చూస్తావా అమ్మా అని ఆమెను అడగండి. చూస్తానంటే చూడనివ్వండి, ఎత్తుకోనివ్వండి. వద్దంటే బలవంతం వద్దు. ఒక చిన్న టోపీ దాచుకుంటానంటే దాచుకోనివ్వండి. బిడ్డ లేకపోయినా పాలు వస్తాయి. ఆ నొప్పి ఒంటికీ మనసుకూ కూడా. దానికేం చేయాలో డాక్టరును అడగండి. నెల తిరగకుండానే "మళ్ళీ ఎప్పుడు?" అనే ప్రశ్న ఎవరూ వేయకుండా చూసే బాధ్యత ఇంట్లో పెద్దావిడది.

ఇంటికి వచ్చాక

చాలామంది బిడ్డలు ఇంటికి వస్తారు. "ఇక భయమెందుకు, అంతా అయిపోయిందిగా" అంటాం. తల్లికి మాత్రం అసలు భయం అప్పుడే మొదలవుతుంది. మానిటరు లేదు, నర్సు లేదు. బిడ్డ ఊపిరి తీసుకుంటోందా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉంటుంది. నవ్వకండి. రాత్రిని పంచుకోండి. పది నుంచి రెండు దాకా అమ్మమ్మ, రెండు నుంచి ఆరు దాకా నాన్న కాపలా ఉంటే, పాలిచ్చే వేళ తప్ప మిగతా సమయం ఆమె నిద్రపోతుంది. నాలుగు రోజులు సరిగా నిద్రపోతే లోకమే మారినట్టు ఉంటుంది.

చూడటానికి వచ్చేవాళ్ళను సున్నితంగా ఆపే పని కూడా మీదే. "డాక్టరుగారు ఇంకా ఎవరినీ రానివ్వద్దన్నారు" అని ఆ మాట మీ మీద వేసుకోండి. ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఇంటికి వచ్చి చూడాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డ సంగతితో పాటు తల్లి నిద్ర, దిగులు సంగతి కూడా చెప్పండి. రెండు కేజీల కంటే తక్కువ బరువుతోనో, 34 వారాల కంటే ముందో పుట్టిన బిడ్డకు నెల రోజుల్లోపే కంటి రెటీనా పరీక్ష జరిగి తీరాలి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. డిశ్చార్జి కాగితాల్లో అది రాశారో లేదో మీరే చూడండి.

మరో మాట. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఆరో నెలలో నాలుగు నెలల బిడ్డ చేసే పనులే చేస్తుంది. అది వెనకబాటు కాదు. "మా మనవడు ఈపాటికి బోర్లా పడ్డాడు" అన్న పోలికలు అందాకా మన కొంగున ముడివేసుకుందాం.

ఈసారి ఎవరైనా ఫోన్ చేసి "బిడ్డను బాక్సులో పెట్టారు" అన్నప్పుడు, "అయ్యో! ఎన్ని గ్రాములు?" అని అడగకండి. "పాప పుట్టినందుకు సంతోషం తల్లీ. నువ్వెలా ఉన్నావు? రేపు పొద్దున్న క్యారియర్ నేను తెస్తాను" అనండి. అన్నట్టే, ఇద్దరికి సరిపడా తీసుకెళ్ళండి.